మళ్ళీ పనిలోకి నడిపించిన నర్సమ్మగారు

పోయిన నెలలో ఒక ఉదయం, ఫ్యాక్టరీలో టీ తాగుతుండగా తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది నర్సమ్మగారి చెల్లెలు. "బాబూ, అక్క ఇక లేదు. పొద్దున్నే కాఫీ తాగి వరండాలో కుర్చీలో కూర్చుంది. పేపరు ఇద్దామని వెళ్ళి పిలిస్తే పలకలేదు," అన్నారు. ఆ తర్వాత, "మీ ఫ్యాక్టరీ వాళ్ళకి కబురు చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచింది. పని మానుకుని మాత్రం ఎవరూ రావద్దంది," అన్నారు. ఆ రెండో మాట మేమెవరమూ వినలేదు. మధ్యాహ్నానికి రెండు వ్యాన్లు గూడెం బయలుదేరాయి. ముందు వ్యాన్‌లో మేనేజరుగారే కూర్చున్నారు.

ఆవిడ ఎవరో మీకు చెప్పాలి. ఏలూరు నుంచి కొల్లేటి వైపు వెళ్ళే రోడ్డు మీద చేపల మేత తయారుచేసే ఫ్యాక్టరీలో నేను పనిచేస్తాను. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక, మా ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో పదకొండేళ్ళు కూర్చున్నారు. కూర్చున్నారన్నది మాటవరసకే. ఆ గదిలో కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. రోజూ గూడెంలో ప్యాసింజరు రైలెక్కి ఏలూరులో దిగి, మా కంపెనీ వ్యాన్‌లో వచ్చేవారు. రాగానే లోపలికి వెళ్ళకుండా గేటు పక్కన నిలబడి, షిఫ్టుకి వచ్చేవాళ్ళ నడక చూసేవారు. "ఏవయ్యా, ఎడమ కాలు ఈడుస్తున్నావేంటి?" "అమ్మాయ్, ఆ మెడ అలా పట్టేసిందేంటి, ఇలా రా." వాళ్ళు ఏం లేదండీ అన్నా సరే, టీ టైముకి వాళ్ళ దగ్గరే తేలేవారు.

ప్యాకింగ్‌లో ఆడవాళ్ళు ఎనిమిది గంటలూ నిలబడే పనిచేసేవారు. వాళ్ళకి స్టూళ్ళు కావాలని ఆవిడ అడిగితే, "నిలబడితేనే పని చురుగ్గా సాగుతుందండీ," అన్నారు మేనేజరుగారు.

"అలాగాండీ? అయితే మీ కుర్చీ కూడా ఇటు పంపించేయండి. మీ పనీ చురుగ్గా సాగుతుంది," అన్నారట ఆవిడ. ఆయన ముందు మొహం ముడుచుకుని, తర్వాత నవ్వేశారు. ఆ వారంలోనే స్టూళ్ళు వచ్చాయి. ఆవిడ పోట్లాటలన్నీ ఇలాగే ఉండేవి. గొంతు పెంచేవారు కాదు, అండీ మానేవారు కాదు, అనుకున్నది జరిగేదాకా గుమ్మంలోంచి కదిలేవారు కాదు.

మంచితనమే తప్ప మరొకటి లేని మనిషని నేను చెప్పబోవడం లేదు. కోపం ఉండేది. గుట్కా నమిలేవాళ్ళని నలుగురిలో నిలబెట్టి దులిపేసేవారు. తెచ్చుకున్న కూర మాకు పెట్టేవారు గానీ, అందులో ఉప్పు ఉండేది కాదు. బాగుందని అనిపించుకునేదాకా వదిలేవారు కాదు.

నాకు దెబ్బ తగిలింది ఆరేళ్ళ కిందట. మేత గుళికల్ని పైకి మోసే బెల్టు మీద నాకు పని. బెల్టు అడుగున రోలరు తిరుగుతుంటుంది, దానికి ఇనుప మూత ఉంటుంది. తడి పిండి రోలరుకి అంటుకుని బెల్టు పక్కకి జరుగుతుంటే, గీకి తీయడానికి చెయ్యి పెట్టాను. ఆ సమయానికి మూత లేదు. చేతి తొడుగు అంచు రోలరు లాక్కుంది. నొప్పి నాకు గుర్తు లేదు. మిషను చప్పుడు మారడం గుర్తుంది. ఎవరో పరిగెత్తి ఎర్ర బటన్ నొక్కారు.

ఏలూరు ఆసుపత్రికి వెళ్ళే దారంతా ఆవిడ నా మోచేతిని తన భుజం మీద పెట్టుకుని కూర్చున్నారు. "చెయ్యి గుండె కన్నా పైన ఉండాలి నాయనా, దించకు. మీది కొల్లేటికోట కదూ? కొల్లేట్లో ఏమేం చేపలు దొరుకుతాయో చెప్పు," అన్నారు. నేను కొరమేను అన్నాను. "ఇంకా?" అన్నారు. వాలుగ, మట్టగిడస, జెల్ల, ఇంగిలాయి. ఒక్కొక్కటి ఎలా వండుతారో అడిగారు. చింతకాయ వేస్తారా, మామిడికాయ వేస్తారా అని అడిగారు. నేను పళ్ళు బిగబట్టి జవాబు చెబుతూనే ఆసుపత్రి చేరాను. ఆవిడ చేప ముట్టరని చాలా రోజుల తర్వాత తెలిసింది.

కుడిచేతి చిటికెన వేలు సగానికి తీసేశారు. ఉంగరపు వేలు వంగడం మానేసింది. మధ్య వేలు వంగీ వంగనట్టుండేది. కుట్లు విప్పాక వ్యాయామాలు చేయించారు. నాలుగు రోజులు వెళ్ళి మానేశాను. ఇంట్లో కూర్చున్నాను. ఎవరైనా వస్తే చేతి మీద తువ్వాలు వేసుకునేవాడిని. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. ఒకసారి కొట్టుకి తీసుకెళ్తుంటే నా కుడి పక్క నడుస్తున్న పిల్ల, చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఎవరూ దానికి చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను గడప దాటలేదు.

రెండో నెలలో ఒక ఆదివారం ఆటో దిగి నర్సమ్మగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో సంచీ, అందులో కొబ్బరికాయ. "మీ ఊరి పెద్దింట్లమ్మ దర్శనానికి వచ్చానమ్మా. దారిలోనే కదా మీ ఇల్లని ఇలా వచ్చాను," అన్నారు మా ఆవిడతో. కొబ్బరికాయ ఇంకా కొట్టలేదేంటండీ అని మా ఆవిడ అడిగితే, "వెళ్ళేటప్పుడు కొడతాలే," అన్నారు. నిజంగానే వెళ్ళేటప్పుడు గుడికి వెళ్ళి కొట్టారు. చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా.

నా దగ్గర కూర్చుని ఎలా ఉన్నావని అడగలేదు. ఆ ప్రశ్న ఆవిడ ఎవరినీ అడిగేవారు కాదు. "ఇవాళ ఆ చేత్తో ఏం చేశావు?" అన్నారు.

"ఏం చెయ్యనండీ, ఏముంది ఇందులో," అన్నాను తువ్వాలు తీయకుండానే.

"ఆహా," అని వదిలేశారు. గోడకి మా నాన్న పాత వల వేలాడుతుంటే అది చూపించి, అల్లడం నేర్పించమని మా ఆవిడని అడిగారు. మా ఆవిడ సూదికి నూలు చుట్టి, రెండు ముళ్ళు వేసి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా ఎదురుగానే అరుగు మీద మొదలుపెట్టారు. ఒక్క ముడి సరిగా పడితే ఒట్టు. వల కన్ను ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఒక ముడి జారిపోతే దాని మీదే ఇంకో ముడి వేస్తున్నారు. మా నాన్న చేతి వల అలా పాడవుతుంటే అరగంట సేపు చూశాను. ఇంక నావల్ల కాలేదు.

"అలా కాదండీ. ఇలా ఇవ్వండి," అని సూది లాక్కున్నాను. కుడిచేత్తో.

బొటనవేలు, చూపుడు వేలు సాయంతో సూది పట్టుకున్నాను. మధ్య వేలు వంచితే ప్రాణం పోయినట్టుంది. ఒక ముడి వేయడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మొహం అంతా చెమట పట్టింది. ముడి మాత్రం సరిగ్గా పడింది. తలెత్తి చూస్తే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నర్సమ్మగారు ముడి వంక చూస్తూ, "ఇప్పుడు చెప్పు, ఏం చేశావు ఇవాళ ఆ చేత్తో?" అన్నారు.

ఆవిడకి ఆ ముడి నిజంగానే రాలేదో, నాకోసమే రానట్టు చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవారు. ఆ తర్వాత ఐదు ఆదివారాలు వచ్చారు. మధ్య వేలు వంగింది. ఉంగరపు వేలు సగం వంగింది. మా అమ్మాయి వల పక్కన కూర్చుని నూలు అందించేది. ఒకరోజు ఆ నూలు నా కుడిచేతి వేళ్ళకి తనే చుట్టి, "నాన్నా, ఈ వేలు పొట్టిగా ముద్దుగా ఉంది," అంది.

పనిలో చేరే రోజు వచ్చింది. మేనేజరుగారు నన్ను ఎంతో మర్యాదగా పిలిచి, గేటు దగ్గర ఉద్యోగం ఇస్తామన్నారు. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, వచ్చే లారీల నంబర్లు రాసుకోవడమే పని. నేను తలూపాను. నా పక్కన నర్సమ్మగారున్నారు.

"అతన్ని అడిగారాండీ?" అన్నారు.

"అతని మంచికే కదండీ అమ్మా."

"మంచికేనండీ, కాదనను. కానీ చెయ్యి అతనిది కదా. ఒక్కమాట అడిగి చూద్దాం." నా వైపు తిరిగి, "ఇష్టపడి ఒప్పుకున్నావా, భయపడి ఒప్పుకున్నావా?" అన్నారు.

మూడు నెలలుగా బెల్టు చప్పుడు నాకు కలల్లో వస్తోంది. ఐటీఐ చదివి, మిషన్లంటే ఇష్టపడి చేరినవాడిని. ఆ మిషను పేరు ఎత్తితేనే అరచేతులు తడిసిపోతున్నాయి. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. నర్సమ్మగారు నా మొహం చూసి మేనేజరుగారితో, "నాలుగు వారాలు గడువివ్వండి. అప్పటికీ గేటే కావాలంటే గేటే," అన్నారు.

ఆ నాలుగు వారాలకి ఆవిడ ఒక కాగితం మీద రాసిచ్చారు. మొదటి వారం సగం పూట గేటు దగ్గర. భోజనాల విరామంలో, మిషను ఆగి ఉన్నప్పుడు, బెల్టు పక్కన పది నిమిషాలు నిలబడాలి. రెండో వారం నడుస్తున్న మిషనుకి దూరంగా. తర్వాత కొంచెం దగ్గరగా. మొదటి రోజు ఆగి ఉన్న మిషను దగ్గరికి వెళ్ళినప్పుడే బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఆవిడ నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇంత పిరికివాణ్ణి అయిపోయానేంటండీ," అన్నాను.

"పిరికితనం కాదు నాయనా. అదీ దెబ్బే. వేళ్ళకి తగిలింది కట్టు కట్టాం కాబట్టి కనిపించింది, ఇది కనిపించట్లేదు, అంతే," అన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆవిడ చేతుల్లోనే ఒక పసిబిడ్డ పోయిందట. ఆవిడ తప్పేమీ లేదని డాక్టర్లు చెప్పినా, ఆ వార్డులో కాలు పెట్టలేకపోయారట. అప్పుడు పెద్ద నర్సుగారు తిట్టలేదు, వేరే చోటికి పంపించనూ లేదు. వార్డు గుమ్మం బయట బల్ల వేయించి దుప్పట్లు మడతపెట్టమన్నారు. రోజూ ఆ బల్లని ఒక అడుగు లోపలికి జరిపించారు. "నెల తిరిగేసరికి వార్డు మధ్యలో ఉన్నాను. ఎప్పుడొచ్చానో నాకే తెలియలేదు," అన్నారు.

మూడో వారంలో నేను ఆవిడకి ఒక నిజం చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది. ఆ రోజు రోలరు మూత తీసింది నేనే.

అసలు జరిగిందేమిటంటే, దెబ్బ తగిలిన రోజునే ఆవిడ ప్రమాదాల రిజిస్టరులో "రోలరుకి మూత లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలి" అని రాశారు. సూపర్‌వైజరు దాన్ని "పనివాడి అజాగ్రత్త" అని మార్చమన్నారట. "నేను చూసింది నేను రాశానండీ. మీరు చూసింది కింద మీరు రాసి సంతకం పెట్టండి," అన్నారట ఆవిడ. ఆయన రాయలేదు. నా కోసం నిలబడ్డ మనిషికి నేను నిజం దాచానని నాకు లోపల నలుగుతూ ఉండేది.

"అరగంటకోసారి పిండి అంటుకుంటుందండీ. మూత తీయాలంటే ఆరు బోల్టులు విప్పాలి, మళ్ళీ బిగించాలి. అందాకా మిషను ఆపితే సూపర్‌వైజరుగారు కేకలేస్తారు. అందుకని షిఫ్టు మొదట్లోనే తీసి పక్కన పెట్టేశాను. నేనొక్కణ్ణే కాదు, అందరం అదే చేస్తాం," అన్నాను.

"ఈ మాట మేనేజరుగారికి చెప్పు," అన్నారు ఆవిడ.

"ఉద్యోగం పోతుందండీ."

"పోవచ్చు. పోకుండా నేను చేయగలిగింది చేస్తాను, మాటివ్వలేను. కానీ ఆ మూత ఎందుకు తీస్తున్నారో పైవాళ్ళకి తెలియదు. తెలిసిన నువ్వు చెప్పకపోతే, రేపు అక్కడ ఇంకొకళ్ళు చెయ్యి పెడతారు."

రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడతో చెబితే, "ఆవిడ మాట వినండి. ఏదైతే అదవుతుంది," అంది. మేనేజరుగారి గదిలోకి వెళ్ళి నిలబడి చెప్పాను. నర్సమ్మగారు తలుపు బయట బెంచీ మీద కూర్చున్నారు, లోపలికి రాలేదు. మేనేజరుగారు నన్ను మొత్తం చెప్పనిచ్చారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆరు బోల్టులా?" అన్నారు. ఆయ్ అన్నాను. లేచి నన్ను వెంటబెట్టుకుని బెల్టు దగ్గరికి నడిచారు. స్వయంగా రెంచి తీసుకుని మూత విప్పడం మొదలుపెట్టారు. నాలుగో బోల్టుకి ఆయన చొక్కా తడిసిపోయింది. అక్కడే కూర్చుని, "దీన్ని ఏం చేస్తే బాగుంటుంది, చెప్పు," అన్నారు నన్ను.

తలుపులాగా తెరుచుకునే మూత పెట్టి, అది తెరిస్తే బెల్టు దానంతటదే ఆగేలా స్విచ్చి పెట్టవచ్చని చెప్పాను. గీకడానికి పొడుగు పిడి ఉన్న పార చాలన్నాను. ఫిట్టరూ నేనూ కలిసి వారంలో చేశాం. మొదటిసారి దాన్ని పరీక్షించడానికి మిషను నడిపించి, మూత నా కుడిచేత్తోనే తెరిచాను. బెల్టు ఠక్కున ఆగింది. చప్పుడు లేదు. వెనక్కి తిరిగి చూస్తే నర్సమ్మగారు చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

గేటు ఉద్యోగం నేను తీసుకోలేదు. ఉద్యోగమూ పోలేదు. ఇప్పుడు షిఫ్టు మొదలయ్యే ముందు అన్ని మిషన్ల మూతలూ చూసి, అప్పుడు నడపమని చెప్పే పని నాది.

తర్వాత ఎవరికి దెబ్బ తగిలినా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ప్యాకింగ్‌లో ఒకామెకి నడుము పట్టేసి, లేవలేక, ఇక తన బతుకు ఇంతేనని ఏడుస్తుంటే, "నువ్వు మాట్లాడు," అని నన్ను లోపలికి పంపి తాను వసారాలో ఉండిపోయారు. నేను నా చెయ్యి చూపించాను. ఆమె ఏడుపు ఆపి, "పని చేస్తుందాండీ అది?" అని అడిగింది. ఆమె కూడా ఇప్పుడు పనిలోనే ఉంది, స్టూలు మీద కూర్చుని.

గూడెంలో ఆవిడ ఇంటి ముందు, మేం వెళ్ళేసరికి రైల్లో రోజూ ఆవిడతో ప్రయాణం చేసినవాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. మేనేజరుగారు చెల్లెలిగారి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయి, "పదకొండేళ్ళు నాతో పోట్లాడారండీ," అని మాత్రం అనగలిగారు. పాడె మోసినవాళ్ళలో ఆయన ఒకరు. ఆయన వెనక నేను. బరువు నా కుడి భుజం మీద, పట్టు కుడిచేత్తో.

ఆవిడ లేరన్న దిగులు ఉంది గానీ, ఆవిడని తలుచుకుంటే నాకు ఏడుపు రాదు. మూడేళ్ళ కిందట, మోకాళ్ళ నొప్పులకి ఉద్యోగం మానేసిన ఏడాది శీతాకాలంలో, ఆవిడ ఒక మాటన్నారు. "ఇన్నేళ్ళు ఇటు వచ్చాను గానీ కొల్లేరు సరిగ్గా చూడలేదు నాయనా." మరుసటి ఆదివారమే మా నాన్న దోనె కడిగి, పాత దుప్పటి పరిచి ఆవిడని కూర్చోబెట్టాను. గెడ వేసుకుంటూ తూడుపూల మధ్య కాలవలోంచి లోపలికి తీసుకెళ్ళాను. ప్రతి పిట్టనీ ఇదేంటి, అదేంటి అని అడిగారు. గూడబాతు గొంతు కింద వేలాడే సంచీ చూసి చిన్నపిల్లలా నవ్వారు. ఎండ నెమ్మదిగా వెచ్చబడింది. కాసేపటికి ప్రశ్నలు ఆగిపోయాయి. చూస్తే, చెప్పులు విడిచి పక్కన జంటగా పెట్టుకుని, తల దోనె అంచుకి ఆనించి నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక కూడా వస్తోంది.

గెడ బురదలో గుచ్చి దోనెని నిలబెట్టాను. ఆవిడ మొహం మీద ఎండ పడకుండా కొంచెం తిప్పాను. గూడబాతులు నాలుగు, నీళ్ళ మీద చప్పుడు లేకుండా మా పక్కనుంచే వెళ్ళాయి. ఆవిడ లేవలేదు, నేను లేపలేదు. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం.